వసుంధర గారి చలి టైర్లు

గరాజ్‌లో నల్ల సంచి మూతి విప్పగానే ముందు వాసన వచ్చింది. చల్లబడిన రబ్బరు వాసన, దాని అడుగున ఎక్కడో కొంచెం కర్పూరం. దసరా దగ్గర పడింది. మా ఊరు ట్రాయ్‌లో మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి, పొద్దున లేచేసరికి గడ్డి మీద తెల్లటి పొడి కనిపిస్తోంది. ఎండాకాలం టైర్లు విప్పి చలి టైర్లు ఎక్కించే వేళ అన్నమాట. సంచిలోంచి చక్రాన్ని దొర్లించి వెలుతురులోకి తెచ్చాను. టైరు పక్కభాగం మీద, కంపెనీవాళ్లు అచ్చేసిన అక్షరాల సందుల్లో, కిందటి దసరాకి పెట్టిన బొట్టు మరక ఇంకా కాస్త ఎర్రగానే ఉంది. దాని పక్కన తెల్లరంగు పెన్నుతో తెలుగులో "వె.కు." అని రాసి ఉంది. వెనక కుడి అని అర్థం. రాసింది వసుంధర గారు. అప్పటికే ఆవిడ చూపు బాగా మందగించింది, అందుకే "కు" కొమ్ము సాగి పక్కకి ఒరిగిపోయింది.

ఈ దసరాకి ఆవిడ లేరు. మొన్న ఎండాకాలంలో పోయారు. ఈ నాలుగు టైర్లూ ఆవిడ చేత్తో నొక్కి చూసి ఎంచిన ఆఖరి టైర్లు. ఇవి ఇంకో చలికాలానికి పనికిరావని కూడా ఆవిడే చెప్పి వెళ్లారు. బొటనవేలి గోరు గుచ్చి చూశాను, దిగలేదు. రబ్బరు ముదిరిపోయింది. కొత్తవి కొనాలి, ఇవి పారేయాలి. ఇంత చిన్న పని చేయలేక, నాలుగు చక్రాలూ చుట్టూ పరుచుకుని, బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను.

మా ఆయన మురళి వంటింటి తలుపులోంచి తొంగిచూశాడు. "టైర్ల గాట్లు ఇంకా లోతుగనే ఉన్నయ్ కదా. ఈ ఒక్క సీజన్ నడిపించు. అంత బాధైతే మార్చకు" అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు. వసుంధర గారు వినుంటే మాత్రం ఆ ప్రేమకి అక్కడికక్కడే క్లాసు పీకేవారు.

నేను ఆవిడని మొదటిసారి చూసింది ఈ దేశంలో నా మొదటి చలికాలంలో. డిపెండెంట్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేసే వీలు లేదు. హనుమకొండలో స్కూటీ మీద ఊరంతా తిరిగినదాన్ని. ఇక్కడ లైసెన్స్ కూడా తెచ్చుకున్నాను. కానీ మొదటి మంచు పడిన వారంలో, మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాలులో బ్రేక్ తొక్కితే కారు ఆగలేదు. మెల్లగా, తీరిగ్గా జారుకుంటూ పోయి పోస్టుడబ్బాల గోడకి ఆనుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ జారిన కాసేపు చేతుల్లో ఉన్న స్టీరింగ్‌కి, కింద ఉన్న చక్రాలకి ఏ సంబంధమూ లేకపోవడం నన్ను వదల్లేదు. ఆ తర్వాత తాళాలు ముట్టుకోలేదు. మురళి ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఇండియన్ స్టోర్ దగ్గరో, గుడి దగ్గరో దింపడం, సాయంత్రం వచ్చి ఎక్కించుకోవడం. మధ్యలో నేను ఒక పార్సిల్‌ని.

అలా ఒకరోజు స్టోర్‌లో కూరగాయల అరల దగ్గర నిలబడి ఉంటే, పొట్టిగా, తెల్ల క్రాపుతో, మోకాళ్ల దాకా బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ నన్నే చూస్తూ వచ్చింది.

"ఇందాక నేను వచ్చినప్పుడూ ఇక్కడే ఉన్నావ్. ఎవరి కోసం?"

"మా ఆయన వచ్చి తీస్కపోతడు ఆంటీ. ఆరింటికి."

"అప్పటిదాకా ఈ సొరకాయలకి కాపలానా? పద, దింపుతాను. ఆంటీ అనకు. మా వాళ్లు ముచ్చటపడి వసుంధర అని పేరు పెట్టుకున్నారు. గారు తగిలించు, చాలు."

బయట నిలబడి ఉన్న కారుని చూసి అక్కడే ఆగిపోయాను. వంకాయ రంగు, రెండే తలుపులు, పొడుగాటి ముక్కు. స్టార్ట్ చేస్తే కింద నేల అదిరింది. ఎనిమిది సిలిండర్ల ఇంజను, అదంతా వెనక చక్రాలకే వెళ్తుందని ఆవిడే గర్వంగా చెప్పారు. మంచులో ఇలాంటి కార్లు బయటికి తియ్యరని అంతకుముందే ఎవరో అనగా విన్నాను. ఆ మాటే అన్నాను. "తియ్యనివాళ్లు తియ్యరు" అన్నారు ఆవిడ, గేరు మారుస్తూ.

దారంతా రేడియో లేదు. మెత్తటి మంచు మీద కారు మెల్లగా పోతోంది. ఒక సిగ్నల్ దాటాక హఠాత్తుగా అడిగారు: "ఏమంటున్నాయి?"

"ఏవండి?"

"టైర్లమ్మా. విను. మెత్తగా ఉన్న టైరు గొణుగుతుంది. గట్టిపడ్డది కీచుమంటుంది. రేడియో పెట్టుకుంటే ఏం తెలుస్తుంది?"

మా వాలు దగ్గర నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కారు గేటు ముందు ఆగి ఉంది. నేను దిగబోతుంటే ఆపి, "నీకు ఎక్కడికి వెళ్లాలని ఉంది?" అన్నారు. ఇల్లు వచ్చేసింది కదా అన్నాను. "ఇప్పుడు కాదు. ఈ చలికాలం. ఎవరూ దింపక్కర్లేకపోతే ఎక్కడికి వెళ్తావ్?" ఆ ప్రశ్న ఈ దేశం వచ్చాక నన్నెవరూ అడగలేదు. లైబ్రరీకి, కమ్యూనిటీ కాలేజీకి, ఊరికే కాఫీ తాగడానికి అని చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. ఆదివారం పొద్దున్నే తయారుగా ఉండమన్నారు.

వసుంధర గారిది రాజమండ్రి. కార్ల టైర్లు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఏటా చలికాలమంతా ఇక్కడి మా రాష్ట్రం ఉత్తర కొసన, గడ్డకట్టిన సరస్సు మీద కార్లు తోలడమే పని. ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకుని వెళ్లేవారట. ఆ జట్టులో ఆడమనిషి ఆవిడొక్కరే. "మగాళ్లంతా టైరు ఎంత తొందరగా పరిగెడుతుందో చూసేవారు. నేను ఎంత తొందరగా ఆగుతుందో చూసేదాన్ని. చివరికి అందరూ నా కాగితాలే అడిగేవారు" అని నవ్వేవారు. తలో వంటకం తెచ్చుకునే మా పాట్‌లక్ భోజనాల్లో ఆవిడ కారు గురించి గుసగుసలు నడిచేవి. రిటైరైన ఆవిడకి, పైగా ఒంటరి మనిషికి, అంత కారు ఎందుకని ఒకాయన మొహం మీదే అన్నాడు. "మీ ఇంట్లో ఉండేది ఇద్దరు, కారుకేమో ఏడు సీట్లు. నేనడిగానా?" అన్నారు ఆవిడ, పులిహోర వడ్డించుకుంటూ.

ఆదివారం నన్ను తీసుకెళ్లింది మూసేసిన ఒక మాల్ పార్కింగ్‌కి. ఎవరూ తుడవని మంచు, మనిషి లేడు. తాళాలు నా చేతిలో పెట్టారు. మా చిన్న కారులో నేర్పమని బతిమాలాను. "ఇది వచ్చిందంటే ఏదైనా వస్తుంది" అన్నారు. కదలగానే కారు తోక కుడికి జారింది. నేను కెవ్వుమని కాలు తీసేశాను. గిర్రున తిరిగి, వచ్చిన వైపే ముఖం పెట్టి ఆగాం.

"బాగుంది. ఇప్పుడు అంత గాభరాగా కాలు తియ్యకు. నిద్రపోయిన పిల్లని పక్క మీద పడుకోబెడతారు చూడు, అలా తియ్యి. చూపు నువ్వు వెళ్లాల్సిన వైపే ఉంచు. చేతులు వాటంతటవే పోతాయి."

"నాతోని కాదండి."

"నీతోనే అవుతుంది. ఇక్కడ ఇంకెవరున్నారని?"

ఆ పొద్దు ఎన్నిసార్లు తిరిగామో తెలియదు. ఏదో ఒక క్షణంలో మాత్రం జారిన తోక నా చేతి కింద సర్దుకుని వెనక్కి వచ్చింది. వస్తుందని నాకు ముందే తెలిసింది. నేను గట్టిగా నవ్వాను. ఆ చలికాలంలో అది నా మొదటి నవ్వని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. వారం తిరక్కుండా నేనే మా చిన్న కారులో లైబ్రరీకి వెళ్లి, పుస్తకం తెచ్చుకోవడం మరిచిపోయి తిరిగొచ్చాను.

మరుసటి ఏడు ఆవిడ టైర్లు మార్చాల్సి వస్తే, నేర్చుకుంటావు రమ్మని నన్ను పిలిచారు. మురళి కూడా వచ్చాడు. దారిలో అతను లెక్క తేల్చేశాడు: "ఇంజను బలం పోయేది వెనక చక్రాలకే కదా ఆంటీ. వెనకకి రెండు వింటర్ టైర్లు వేస్తే చాలు. ముందువి ఉన్నవే ఉంచొచ్చు." ఆవిడ అద్దంలోంచి అతన్ని చూశారు. "మీ కుందేలుకి రెండే కాళ్లన్నమాట. నాయనా, వెనకవి తోస్తాయి. మలుపు తిప్పేవి ముందువి. ఆపాల్సింది నాలుగూ. వెనకవి బలంగా తోస్తూ ఉంటే, ముందువి తిరగనని మొండికేస్తే, నువ్వెక్కడికి పోతావ్?" ఆ ఏడు మురళి మా కారుకి నాలుగూ చలి టైర్లే కొన్నాడు.

షాపువాడు ఆ కారు చూడగానే ఉత్సాహపడిపోయాడు. వెనక వెడల్పాటివి, ముందు కొంచెం సన్నవి, కంపెనీ ఇచ్చిన కొలతలకే మంచి రకం చూపించాడు. ఆవిడ అడ్డంగా తలూపి, అన్నీ ఒకే కొలత, చిన్న రిమ్ముల మీద సన్నటి టైర్లు కావాలన్నారు. కారు అందం పోతుందని వాడు బాధపడ్డాడు. "వెడల్పాటి కాలు మంచు మీద తేలుతుంది. సన్నటి కాలు కోసుకుని నేల దాకా దిగుతుంది. నాలుగూ ఒకే కొలతైతే ముందువి వెనక్కి, వెనకవి ముందుకీ మార్చుకోవచ్చు, సమానంగా అరుగుతాయి" అని నాకు తెలుగులో వివరించారు. తర్వాత రకం ఎంచడం. కొన్ని చలి టైర్లు పొడి రోడ్డు మీద కారు చురుకుదనాన్ని నిలుపుతాయి. కొన్ని మెత్తటివి, మలుపుల్లో కారుని బద్ధకంగా చేస్తాయి గానీ గాజులాంటి మంచు మీద పట్టు విడవవు. ఆవిడ మెత్తటివే తీసుకున్నారు. ఇంత కారుకి అవా అని నేనే అన్నాను. "మా వీధికి మంచు ఎత్తే బండి అందరి తర్వాత వస్తుంది. నేనేమో గుడికి అందరికంటే ముందు వెళ్తాను. కారుని బట్టి కాదమ్మాయ్ టైరు, దారిని బట్టి" అన్నారు.

ఆయుధపూజకి ఆవిడ కారుకి బొట్టు పెట్టేవారు కాదు. గరాజ్‌లో వరసగా పేర్చిన చలి టైర్లకి పెట్టేవారు. ఇక్కడ మనకి ఆయుధాలంటే ఇవేనని ఆవిడ వాదన. మొదటిసారి పూజకి పిలిచినప్పుడు, కుంకుమ నిలబడాలని నేను నువ్వులనూనెలో తడిపి, శ్రద్ధగా గాట్ల మీద ఒక్కొక్క బొట్టూ అద్దుతున్నాను. ఆవిడ హారతి పళ్లెం కింద పెట్టి పరుగెత్తుకొచ్చారు. "అరికాలికి నూనె రాసి మంచు మీదకి పంపుతావా? బొట్టు బుగ్గకి పెట్టు!" ఆ సాయంత్రం నాలుగు టైర్ల అరికాళ్లూ సబ్బు పెట్టి తోమాను. ఆవిడ నవ్వుతూ పక్కన కూర్చుని, ఏ చక్రం ఎక్కడిదో తెలుగులో రాసుకున్నారు. షాపు కుర్రాళ్లు అవి మంత్రాలనుకునేవారు.

ఆ కారు ఎందుకు కొన్నారో నేను చాలా ఏళ్లకి గానీ అడగలేదు. జాకీ తిప్పుతూ మామూలుగా చెప్పారు. "మా ఆయన పోయిన చలికాలం నేను గడప దాటలేదు. మంచు కదా అని ఒక వంక. మార్చిలో తలుపు తీస్తే, ఇన్ని నెలలు నేనెక్కడున్నానో నాకే తెలియలేదు. ఇంకోసారి అలా కాకూడదనుకున్నాను. ఇష్టంగా నడిపే కారు ఉంటే బయటికి వెళ్తాం కదా. చలికాలంలో నడపలేని కారు ఎంత ఇష్టమైతే ఏం లాభం?" పాన అందించమని చెయ్యి చాపారు. నేను ఇచ్చాను.

చూపు తగ్గడం మొదలైనప్పుడు ఎవరూ చెప్పక్కర్లేకుండా తాళాలు తనే తెచ్చి మా టేబుల్ మీద పెట్టారు. అప్పటికి నాకు వర్క్ పర్మిట్ వచ్చి, ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పగటి ఉద్యోగం దొరికింది. కారు నా పేరు మీద రాయించారు. "దీన్ని దుప్పటి కప్పి దాచకు, అంతే" అన్నది ఒక్కటే షరతు. ఆ శరదృతువులో నాకోసం టైర్లు ఎంచడానికి ఆవిడే షాపుకొచ్చారు. కనిపించకపోయినా ఒక్కొక్క టైరునీ బొటనవేలితో నొక్కి, గాట్లు వేలితో తడిమి, వాసన కూడా చూశారు. ఈసారి మెత్తటివి కాదు, చురుకైనవి ఎంచారు. "నువ్వు వెళ్లేది మంచు తుడిచిన ఫ్రీవే మీద, బాగా తెల్లారాక. నా టైర్లు నీకెందుకు?" అన్నారు. ఇదిగో, ఇవే ఆ టైర్లు.

కిందటి చలికాలం చివర ఆవిడని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. రేడియో లేదు. ఆవిడ తల పక్కకి వంచి చాలాసేపు విన్నారు.

"గట్టిపడ్డాయి అమ్మాయ్. వచ్చే దసరాకి కొత్తవి."

"గాట్లు మంచిగనే ఉన్నయ్ కదండీ."

"గాట్లు కళ్లకి. రబ్బరు చెవులకి. దానికీ వయసొస్తుంది కదా, నాలాగే. ముద్దు చేసి అట్టేపెట్టుకోకు." మళ్లీ తనే, "ఈసారి నువ్వే ఎంచు. నన్ను అడక్కు" అన్నారు. నా మీద ఏదో కోపమొచ్చిందనుకుని ఆ రోజంతా నొచ్చుకున్నాను. ఇప్పుడు గరాజ్‌లో బకెట్ మీద కూర్చుంటే, ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో తెలుస్తోంది. నాకు ఆవిడ కావాలి. టైర్లు ఎంచడానికి కాదు, ఊరికే పక్కన కూర్చుని నన్ను తప్పు పట్టడానికి.

చక్రాలు మురళి వ్యాన్‌లో వేసుకుని షాపుకి వెళ్లాను. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు కొత్తవాడు. పాత టైరు మీద పేరు చదివి, కంప్యూటర్‌లో వెతికి, "అదృష్టవంతులు! ఇదే రకం ఇంకా తయారవుతోంది. మళ్లీ ఇవే వేసేయమంటారా?" అన్నాడు.

వేసేయమని చెప్పడానికి నోరు తెరిచాను. అదే పేరు, అదే గాట్ల తీరు, పక్కన అదే అక్షరాలు. ఏమీ మారనట్టే ఉంటుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇతను అడగలేదని తట్టింది. నన్ను నేనే అడుక్కున్నాను. ఈ చలికాలం ఎక్కడికి వెళ్తావ్? ఈ ఏడు నా షిఫ్ట్ మారింది. ల్యాబ్ తెరవాల్సింది నేనే. ఇంకా చీకటి ఉండగా, మంచు ఎత్తే బండ్ల కంటే ముందు రోడ్డు మీద ఉంటాను. ఆవిడ నాకోసం ఎంచిన టైర్లు ఇప్పుడు నా దారివి కావు.

"వద్దు. నాలుగూ ఇదే సన్నటి కొలతలో, మీ దగ్గరున్న వాటిల్లో మెత్తటివి చూపించండి" అన్నాను. అంత పవర్ ఉన్న కారుకి అవి మరీ మెత్తన అవుతాయని అతను హెచ్చరించాడు. ఆ సంగతి తెలుసని చెప్పి, ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూశాను. వాసన కూడా చూశాను. అతను మర్యాదగా పక్కకి చూశాడు.

పాతవి ఇంటికి తీసుకెళ్తారా, మమ్మల్నే పారేయమంటారా అని అడిగాడు. ఒరిగిపోయిన "కు" మీద ఒకసారి చెయ్యి వేసి, మీరే తీసుకోండని చెప్పాను. వ్యాన్‌లో కూర్చుని బాగా ఏడ్చాను. దసరా రోజు కొత్త టైర్ల బుగ్గలకి బొట్టు పెట్టి, తెల్లరంగు పెన్నుతో ము.ఎ., ము.కు., వె.ఎ., వె.కు. అని రాశాను. నా చేతిరాత ఆవిడదంత బాగుండదు.

మొదటి మంచు ఈ వారమే పడింది. చీకట్లో లేచి కారు తీశాను. వీధిలో నా ముందు ఒక్క చక్రం గుర్తు కూడా లేదు. పాత అపార్ట్‌మెంట్ల వాలు ఇప్పుడూ నా దారిలోనే ఉంది. అక్కడ బ్రేక్ మీద మెల్లగా కాలు పెట్టాను. కారు ఆగింది, ఆగమన్న చోటే. రేడియో పెట్టలేదు. కాసేపు విన్నాను.

"గొణుగుతున్నయ్ అండీ" అన్నాను పక్క సీటు వైపు తిరిగి. "మెత్తగున్నయ్."